ఆయన నంబరు

రేపల్లె స్టేషన్ రోడ్డులో వేదవతి దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే ముందు ఆవిడ ఆ పూట ఏ ధోరణిలో ఉందో చూసుకుని లోపలికి వెళ్లాలి. రేపు పెళ్లనగా ఈరోజు గుడ్డ తెచ్చి పెడితే "నీ పెళ్లి నన్నడిగి కుదుర్చుకున్నావా?" అని దులిపేస్తుంది. బోట్ నెక్ కావాలంటే "నీ భుజాలకి అది నిలవదు, పెళ్లంతా సర్దుకుంటూ కూర్చుంటావ్" అని మొహం మీదే అనేస్తుంది. అయినా ఊళ్లో ఆడవాళ్లు ఆవిడ దగ్గరికే వస్తారు. చేతిపని మంచిదన్నది ఒక కారణం. కర్టెన్ వెనక కొలతలు తీసేటప్పుడు చూసింది ఏదీ ఆవిడ నోటి నుంచి బయటికి రాదన్నది అసలు కారణం.

ఆపరేషన్ మచ్చలు, దాచుకున్న కడుపులు, జబ్బల మీద తేలిన వేళ్ల గుర్తులు, అన్నీ ఆ కర్టెన్ వెనక కనిపిస్తాయి. చేతులు మోచేతి కిందికి దించమంటే వేదవతి దించేది. వీపు మెడదాకా మూసేయమంటే మూసేసేది. ఎందుకని అడిగితే ఆ మనిషి మళ్లీ రాదు. వ్యాపారం మాట అటుంచితే, ఎవరూ ఏమీ అడగని చోటు ఆడదానికి ఒక్కటైనా ఉండాలి కదా అని తనకు తాను చెప్పుకునేది. ఆ మాట మరీ తరచుగా చెప్పుకోవాల్సి వచ్చేది. నిజంగా నమ్మిన మాటైతే అన్నిసార్లు చెప్పుకోవాల్సిన పనేముంది?

భర్త పాండురంగ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కొట్టు ముందు స్టూలు వేసుకుని హుక్కులు కుట్టి పెడతాడు. "ఈ సర్వీసులో పెన్షన్ లేదు, పైగా తిట్లు" అని వచ్చినవాళ్లతో జోకులు వేస్తాడు. పిల్లలు లేరు. ఇద్దరి మధ్యా ఎన్ని కసుర్లు నడిచినా ఆయన చెయ్యి ఒక్కనాడూ పైకి లేవలేదు. అందుకేనేమో, దెబ్బలు దాచుకునే ఆడవాళ్లను చూస్తే వేదవతికి జాలి కంటే ముందు చిరాకు వచ్చేది. ఎందుకు పడతారీ మనుషులు అనుకునేది. ఆ చిరాకు తప్పని ఆవిడకి శరణ్య వల్ల తెలిసింది.

శరణ్యది బాపట్ల. తండ్రి సుందరయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. కిందటేడు రేపల్లె సీతారావమ్మ కొడుకు విజయసారథికిచ్చి పెళ్లి చేశారు. అతనిది రొయ్యల చెరువులకు మేత అమ్మే పని. వారంలో సగం రోజులు చీరాల, వాడరేవు వైపు తిరుగుతుంటాడు. మంచి బట్టలు వేసుకుంటాడు, ఎదురుపడితే "ఆంటీ, బాగున్నారా?" అని తనే పలకరిస్తాడు. కోడలు అదృష్టవంతురాలని వీధిలో అందరూ అనుకున్నారు. వేదవతి కూడా అనుకుంది.

ఆ రోజు శరణ్య మూడు జాకెట్టు గుడ్డలు, వాటితోపాటు ఆది జాకెట్టు పట్టుకొచ్చింది. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇస్తే దాని కొలతల ప్రకారమే కొత్తవి కుట్టేస్తారు. మనిషిని కొలవక్కర్లేదు. వేదవతి ఆ జాకెట్టు విప్పి చూసింది, పిల్లను చూసింది.

"ఇదెప్పటిది?"

"పెళ్లప్పటిది పిన్నీ. దీన్నిబట్టి కుట్టేయండి."

"ఇందులో నీలాంటివాళ్లు ఇద్దరు పడతారు. సగానికి సగం చిక్కిపోయావ్. రా లోపలికి."

"వద్దు పిన్నీ, అదే సరిపోతుంది" అంటూనే బెంచీ మీద కూర్చోబోయి, పెదవి కొరుక్కుని మళ్లీ లేచి నిలబడింది. అంతకుముందే రెండుసార్లు బాత్రూమ్ ఎక్కడని అడిగి వెళ్లొచ్చింది. వెళ్లిన ప్రతిసారీ మొహం పాలిపోయి బయటికి వచ్చింది. వేదవతి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కర్టెన్ వెనక్కి తీసుకెళ్లింది. చెయ్యి కాలిపోతోంది.

కర్టెన్ వెనక కనిపించింది వేదవతి ఇంతకుముందు చూడనిది కాదు. కాకపోతే ఇన్ని ఒక్క ఒంటి మీద చూడలేదు. భుజం మీద పంటిగాట్లు. నడుముకి రెండు పక్కలా కమిలిన మచ్చలు, కొన్ని నల్లగా, కొన్ని పసుపుపచ్చగా. అంటే ఇది ఒక్కరోజు సంగతి కాదు. వేదవతి టేపు మెడలో వేసుకుని, ఇన్నేళ్లలో ఎవరినీ అడగని మాట అడిగింది.

"ఎవరమ్మా?"

శరణ్య గోడవైపు తిరిగింది. ఆ తర్వాత ఆగకుండా చెప్పేసింది. పొత్తికడుపులో నొప్పి. దుర్వాసనతో తెల్లబట్ట. ఒంటేలుకి వెళ్తే మంట. నొప్పిగా ఉంది, వద్దు అంటే భర్త నాటకాలని కొడతాడు. కొట్టాక ఎలాగూ ఊరుకోడు. బాపట్లలో అమ్మకి ఫోన్ చేసి చెబితే "వేడి చేసుంటుంది, బార్లీ నీళ్లు తాగు. కొత్తలో అందరికీ ఉండేవే, సర్దుకుపోవాలి" అంది.

"డాక్టరుకి చూపించమని అడిగావా?"

"అడిగాను. ఎవడి దగ్గర అంటించుకొచ్చావో డాక్టరు చెప్పేస్తే ఏం చేస్తావ్ అన్నారు. నేనుగా డాక్టరు దగ్గరికి వెళ్తే మా నాన్నని పిలిపించి, ఆయన ముందే నా బతుకు బయటపెడతానన్నారు." అప్పటిదాకా ఏడవని పిల్ల అక్కడ కొంగులో మొహం దాచుకుంది. "నాకెవరూ తెలీదు పిన్నీ. కాలేజీలో కూడా ఎవరితోనూ మాట్లాడి ఎరగను. మా నాన్న నమ్మకపోతే నేనెక్కడికి పోను?"

వేదవతికి ఒళ్లు మండిపోయింది. జబ్బు ఇచ్చినవాడే జబ్బు చూపించి బెదిరిస్తున్నాడు. పిల్ల నోరు విప్పితే చెడ్డదవుతుంది, విప్పకపోతే లోపల కుళ్లిపోతుంది. ఏ దారిన పోయినా వాడికే లాభం.

మర్నాడు వేదవతి సీతారావమ్మకు ఫోన్ చేసింది. "వదినగారూ, మీ కోడలి పట్టుజాకెట్టు రంగుకి లైనింగు ఇక్కడ ఎక్కడా కలవట్లేదండి. తెనాలి వెళ్తున్నా. పిల్లని కూడా పంపండి, తన కళ్లతో చూసుకుంటుంది" అంది. మ్యాచింగు కోసం తెనాలి వెళ్లడం ఆ ఊళ్లో ఆడవాళ్లకి కొత్తేమీ కాదు. సీతారావమ్మ ఒప్పుకుంది. సారథి పొద్దున్నే చెరువుల వైపు వెళ్లిపోయాడట, సాయంత్రందాకా రాడట.

తెనాలి ప్యాసింజరులో శరణ్య కిటికీ పక్కన ఒత్తిగిలి కూర్చుంది. భట్టిప్రోలులో ఎవరెక్కినా, వేమూరులో ఎవరు పలకరించినా కొంగు మొహం మీదికి లాక్కునేది. "తెలిసినవాళ్లు కనిపిస్తే మ్యాచింగుకి అని చెప్పు, అంతే" అని వేదవతి నచ్చజెప్పింది. పైకి అలా అన్నా ఏ స్టేషన్ వచ్చినా తనే ముందు తొంగి చూసేది.

డాక్టర్ హుమేరా గారి ఆసుపత్రి నిండా ఆడవాళ్లే. కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండా అడుగుతోంది. పేరు? శరణ్య. వయసు? ఇరవై రెండు. ఫోన్ నంబరు? శరణ్య గడగడా చెప్పేసింది. ఆ అమ్మాయి దాన్ని కంప్యూటర్లో కొట్టి, టోకెన్ చేతికిచ్చింది. ఇద్దరూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

టోకెన్ చూసుకుంటున్న వేదవతి ఉన్నట్టుండి తలెత్తింది.

"అమ్మాయ్, ఏ నంబరు చెప్పావ్?"

"ఆయనది" అంది శరణ్య. "నా నంబరు నాకు రాదు పిన్నీ. పెళ్లయ్యాక సిమ్ము మార్చారు. ఎవరడిగినా ఆయన నంబరే చెప్పమన్నారు."

తిడదామని వేదవతికి నోటిదాకా వచ్చింది. కానీ ఏమని తిడుతుంది? గ్యాసుకి ఆయన నంబరు, ఆధారుకి ఆయన నంబరు, చీరల షాపులో ఆయన నంబరు. తనూ తన కొట్టుకి వచ్చే ఆడవాళ్లందరినీ "మీ ఆయన నంబరు చెప్పమ్మా, జాకెట్టు అయ్యాక ఫోన్ చేస్తా" అనడగదూ? తన ఫోన్లో శరణ్య పేరుతో ఉన్నది కూడా సారథి నంబరే. పక్కనే నిలబడి విన్నా తనకు తప్పుగా తోచలేదంటే, పిల్లకి ఎలా తోస్తుంది? కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. "మార్చేస్తానండి. కానీ మొదటి మెసేజు వెళ్లిపోయింది" అంది ఆ అమ్మాయి. ఆసుపత్రి పేరు, స్త్రీల వైద్య విభాగం, టోకెన్ నంబరు, అన్నీ అందులో ఉంటాయి.

వేదవతి తిరిగొచ్చి కూర్చునేలోపే ఫోన్ మోగింది.

"ఆంటీ, ఎక్కడున్నారు?" సారథి గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"మ్యాచింగు షాపులో బాబూ."

"షాపు పేరేంటి ఆంటీ?"

వేదవతి చేతిలో టోకెన్‌ని మడిచేసింది.

"ఆసుపత్రిలో మ్యాచింగు అమ్ముతున్నారా? దానికి ఫోనివ్వండి. లేదా వద్దులెండి. నేను వేమూరులోనే ఉన్నా. బండి మీద వచ్చేస్తా. అక్కడే ఉండమనండి" అని పెట్టేశాడు.

శరణ్య లేచి నిలబడింది. "వెళ్లిపోదాం పిన్నీ. స్టేషన్‌కి వెళ్దాం. పొరపాటున మెసేజు వచ్చిందని చెప్తాను. కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకుంటే?"

"కొడతారు. కొట్టి వదిలేస్తారు. ఇక్కడ దొరికితే నాన్నకి ఫోన్ చేస్తారు."

వేదవతికీ పారిపోవాలనే అనిపించింది. రేపు రేపల్లెలో సీతారావమ్మ వాళ్లు తన కొట్టు ముందుకొచ్చి నిలబడితే ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. కానీ ఈ పిల్ల ఇప్పుడు గడప దాటితే మళ్లీ ఏ డాక్టరు మొహం చూడదు, చూడనివ్వరు. ఒంట్లో జ్వరం అలాగే ఉంది. పొత్తికడుపు పట్టుకుని వంగి నిలబడింది. వేదవతి హాల్లోకి తిరిగి, ఇంటి గొంతు కాకుండా కొట్టు గొంతు తీసింది.

"అమ్మా, మీ అందరికీ దండం పెడతా. ఈ పిల్ల పరిస్థితి బాగోలేదు. ముందు దీన్ని పంపించండి."

ఎవరూ ఎందుకని అడగలేదు. నెలలు నిండిన ఒకావిడ తన టోకెన్ తెచ్చి శరణ్య చేతిలో పెట్టి, "తర్వాత నేనేనమ్మా, నువ్వెళ్లు" అంది. ఆడవాళ్లు ఆ పిల్ల మొహం చూశారు, అంతే.

డాక్టర్ హుమేరా మాటల మనిషి కాదు. పరీక్ష చేస్తున్నంతసేపూ శరణ్య వేదవతి చేతిని పట్టి పిండేసింది. అయ్యాక డాక్టరు చేతులు కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇది వేడి చెయ్యడం కాదమ్మా. భార్యాభర్తల కలయిక వల్ల అంటుకునే ఇన్‌ఫెక్షన్. గర్భసంచి పైదాకా పాకింది. ఇంకా ఆలస్యమైతే పిల్లలు పుట్టడం కష్టమయ్యేది. ఇప్పుడొక ఇంజక్షను ఇస్తాను. రెండు వారాలు మాత్రలు వాడాలి, ఒక్క పూట కూడా మానకూడదు. రక్తపరీక్షలు చేయిద్దాం, హెచ్‌ఐవీతో సహా. భయపడకు, ఇది తగ్గుతుంది." చీటీ ముందుకు జరిపింది. "అయితే ఆయన కూడా వాడాలి. లేకపోతే నీకు మళ్లీ అంటుతుంది. తగ్గేదాకా ఆయన నీ దగ్గరికి రాకూడదు. ఈ దెబ్బలు కూడా కాగితం మీద రాస్తాను. నువ్వు ఒప్పుకుంటేనే."

"రాయండి" అంది శరణ్య. తర్వాత చాలా చిన్నగా అడిగింది. "ఇది నాకు... నా వల్ల వచ్చిందా డాక్టర్ గారూ?"

"నీకు ఆయన తప్ప ఎవరూ తెలీదంటున్నావ్. మరి నీ వల్ల ఎలా వస్తుంది?"

బయట గొడవ వినిపించింది. మగవాళ్లు లోపలికి రాకూడదంటున్న నర్సుని తోసుకుని సారథి అరుస్తున్నాడు. డాక్టరు ఫోన్ చేతిలోకి తీసుకుంది. "పోలీసులకి చెబుతాను. నువ్వు వెనక గదిలోకి వెళ్లమ్మా."

శరణ్య లేవలేదు. కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకుంది. "రానివ్వండి. ఇంట్లో అయితే అడగలేను. మీ ఇద్దరి ముందు అడుగుతాను."

డాక్టరు గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని నిలబెట్టి అప్పుడు తలుపు తీయించింది. సారథి చెమటలు కక్కుతూ వచ్చాడు. ముందు వేదవతి వైపు ఒక చూపు చూశాడు. తర్వాత డాక్టరుని చూసి గొంతు మార్చాడు.

"మేడమ్, మా ఆవిడ సంగతి మీకు తెలీదు. ఎక్కడెక్కడ తిరిగిందో నేను పరువు కోసం చెప్పుకోలేకపోతున్నా. దీని రోగం..."

"రోగం ఆవిడ ఒక్కదానిదే కాదండి" అంది డాక్టరు. "చికిత్స మీకూ కావాలి. పరీక్షలు రాస్తాను, ఈ మాత్రలు మీరూ వాడాలి."

"నాకెందుకండీ మాత్రలు?" సారథి మండిపడ్డాడు. మగవాడి పరువు ఎవరో పట్టి లాగినట్టయింది అతనికి. "నాకే రోగమూ లేదు. నేను చీరాలలో ఎప్పుడో సూదులు వేయించుకున్నా. నాకు పూర్తిగా తగ్గిపోయింది!"

అనేశాక గాని ఏమన్నాడో అతనికే అర్థం కాలేదు.

"ఎప్పుడు?" అంది శరణ్య.

"ఏంటి ఎప్పుడు? పద ఇంటికి."

"ఎప్పుడు వేయించుకున్నారు సూదులు? నాకు నొప్పి మొదలయ్యాకా? పెళ్లికి ముందా?"

అతను తలుపు వైపు తిరిగాడు.

"మీకు జబ్బుందని తెలుసు. దానికి సూదులుంటాయని తెలుసు. మీరు వేయించుకుని, నేను నొప్పి అన్నప్పుడల్లా నన్ను కొట్టారు." శరణ్య గొంతు పెరగలేదు, అలాగని తగ్గనూ లేదు. "నేను మీతో రాను."

సారథి చెయ్యి పట్టి లాగబోయాడు. వేదవతి మధ్యలోకి వచ్చి నిలబడింది. వాచ్‌మన్ లోపలికి అడుగుపెట్టాడు. సారథి ఇద్దరినీ చూసి, "మీ నాన్నకి ఇప్పుడే చెప్తాను చూడు" అని వేలు చూపించి వెళ్లిపోయాడు.

ఇంజక్షను అయ్యాక, రక్తం తీశాక, డాక్టరు కాగితాలు, ఆపదలో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే 181 నంబరు ఇచ్చాక ఇద్దరూ బాపట్ల వెళ్లే రైలెక్కారు. రైల్లో వేదవతి ఫోన్ ఆగకుండా మోగింది. సీతారావమ్మ "మా ఇంట్లో నిప్పు పెట్టావ్ కదే, నీ కొట్టు గడప ఎవరు తొక్కుతారో చూస్తా" అంది. తర్వాత పాండురంగ చేశాడు. "నలుగురు వచ్చి గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. ఏం చేశావేంటి?"

"నోరు తెరిచానండి."

"మంచిపని. నామీద తప్ప ఇంకెవరి మీదైనా తెరిస్తే చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అన్నాడు. వేదవతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

బాపట్ల దగ్గరపడుతుంటే "మా నాన్న నమ్ముతారా పిన్నీ?" అని శరణ్య అడిగింది. వేదవతి డాక్టరు కాగితాలు మడిచి మందుల కవరులో పెట్టి ఆ పిల్ల చేతికిచ్చింది.

ఇంటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురిని లోపలికి రమ్మనలేదు.

"అల్లుడు ఫోన్ చేశాడే. ఏంటే ఆ మాటలు? నీకేదో జబ్బంట, ఎవరి దగ్గరో... వీధిలో తలెత్తుకోగలమా మేము?"

శరణ్య మెట్టు మీదే ఆగిపోయింది. వేదవతి ముందుకొచ్చింది.

"అమ్మా, నేను రేపల్లెలో జాకెట్లు కుట్టేదాన్ని. చూసింది బయట చెప్పడం నాకు అలవాటు లేదు. ఇవాళ చెప్తున్నా, వినండి. మీ అమ్మాయి ఒంటి మీద పంటిగాట్లు నా కళ్లతో చూశా. ముందే సూదులు వేయించుకున్నానని మీ అల్లుడు డాక్టరు ముందు తన నోటితో అనడం నా చెవులతో విన్నా. కావాలంటే ఎక్కడైనా, ఎవరి ముందైనా చెప్తా."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక గదిలోంచి సుందరయ్య మాస్టారు వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు. శరణ్య ఆయన వైపు చూడలేక తల వంచుకుంది. చేతిలో మందుల కవరు గట్టిగా పట్టుకుని, ఆయన ఏమడుగుతాడో, ఎవరి దగ్గర, ఎలా అని అడుగుతాడేమోనని బిగుసుకుపోయింది.

ఆయన మెట్టు దిగి వచ్చి ఆ కవరు కూతురి చేతిలోంచి తీసుకున్నాడు. కళ్లజోడు సవరించుకుని మందుల చీటీ తిప్పి చూశాడు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదవబోయాడు గానీ డాక్టరు రాత అంతుపట్టలేదు.

"ఇవి అన్నానికి ముందా, తర్వాతా తల్లీ?" అని అడిగాడు.

"తర్వాత నాన్నా" అంది శరణ్య. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి ఆ పిల్ల గట్టిగా, పక్కింటికి వినిపించేలా ఏడ్చింది.

"అన్నం వడ్డించు" అన్నాడు ఆయన భార్యతో.